గార్‌స్కీ ఊరి చిప్పల లెక్క

ఎడింబరోలో ఉండే ఒక పెద్దమనిషి దేశంలోని పాస్టర్లందరికీ నూరు పైచిలుకు ప్రశ్నలు రాసి పంపాడు. మీ చర్చి కిందికి వచ్చే నేల ఎంత, కొండల ఎత్తెంత, ఏ పక్షులు ఏ నెలలో దిగుతాయి, ఏ బావి నీళ్ళు ఏ జబ్బుకు మంచివి, పాతకాలపు రాళ్ళు ఎక్కడెక్కడ నిలబడి ఉన్నాయి, జనం ఏం తింటారు, ఎంతకాలం బతుకుతారు. అందరి జవాబులూ ఒకచోట చేరిస్తే దేశం దేశమంతా కళ్ళముందు కనబడుతుందని ఆయన ఆలోచన.

ఫెటర్‌డెన్ చర్చికి గిల్‌క్రిస్ట్ పాస్టరు వచ్చి అప్పటికి రెండేళ్ళే. పొలాల సీమలో పుట్టిన మనిషి, సముద్రం కొత్త. కాగితాలు అందిన నాటినుంచీ ఆయనకు ఇంట్లో కాలు నిలవలేదు. ఆ ఎండాకాలమంతా కొండలెక్కాడు, బావుల్లోకి తొంగి చూశాడు, చచ్చిన పక్షుల రెక్కలు కొలిచాడు. ఎక్కడికెళ్ళినా వెంట డేవీ ఫ్లెట్ ఉండేవాడు.

డేవీ చర్చి గంట కొడతాడు, గోతులు తవ్వుతాడు. వయసు అరవై రెండు. గార్‌స్కీ బెస్తల రేవులో డేవీ ఫ్లెట్‌లు ఐదుగురున్నారు. అందుకని ప్రతివాడికీ ఒక మారుపేరు. ఇతని మారుపేరు నీటికాకి. నీటికాకి బండ మీద రెక్కలారేసుకుని కూర్చుంటుంది, కూత కూయదు. డేవీ కూడా అంతే. ఒక మాటతో పోయేదానికి రెండో మాట వాడేవాడు కాదు.

ఒకనాడు పాస్టరు అతన్ని సైతాను కుండ దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. కొండ అంచున నేల విరిగి పడ్డ పెద్ద గొయ్యి అది. అడుగున సముద్రం తిరుగుతూ ఉంటుంది. డేవీ సీసపు గుండు కట్టిన తాడు వదిలాడు. పది బారలు, ఇరవై, ముప్ఫై. నలభై బారల దగ్గర తాడు చివర చేతికొచ్చింది. గుండు ఇంకా వేలాడుతూనే ఉంది.

"అడుగు లేదా దీనికి?" అన్నాడు పాస్టరు.

"అడుగుందండి. తాడు లేదు."

పాస్టరు చాలాసేపు ఆ నల్లనీళ్ళ వంక చూస్తూ పొట్టమీద పడుకున్నాడు. లేచాక ఆయన మొహం గుళ్ళోంచి బయటికొచ్చిన మొహంలా ఉంది. "రెండేళ్ళనుంచీ దీని పక్కనే నిద్రపోతున్నాను డేవీ," అన్నాడు. డేవీకి అప్పుడే ఆయనంటే ఇష్టం కలిగింది. ఇంతకుముందున్న పాస్టరైతే సముద్రం వైపు కిటికీకి తెర వేయించుకున్నాడు.

కొండలయ్యాయి, పక్షులయ్యాయి. మనుషులు మిగిలారు. పొలాల మీది ఊళ్ళలో ఎంతమంది అంటే ఇంతమంది అని చెప్పారు. గార్‌స్కీ లెక్క ఒక్కటే తెగలేదు.

చర్చి పుస్తకాలు తిరగేస్తే బాప్తిస్మాలు దొరికాయి, పూడ్చినవాళ్ళ పేర్లు దొరికాయి. కానీ గార్‌స్కీలో పుట్టిన మగవాళ్ళలో సగం మందికి పుట్టుక ఉంది, చావు లేదు. శవం దొరక్కపోతే గొయ్యి లేదు, గొయ్యి లేకపోతే పుస్తకంలో గీత లేదు. ఆ ఊళ్ళో ఎవరున్నారో ఎవరు లేరో కాగితం చూసి చెప్పడం దేవుడి తరం కూడా కాదు.

అందుకని పాస్టరు బడిపంతులు టఫ్‌ని పంపించాడు. తప్పు అక్కడ జరిగింది. పంతులు కూడా పొలాలవాడే. పలక పట్టుకుని ఊరి పైనున్న గట్టెక్కి, కింద గాలాలకు ఎర గుచ్చుతున్న ఆడవాళ్ళ మీదికి వేలు చాపి, ఒకటి, రెండు అని మొదలుపెట్టాడు. బెస్తవాళ్ళను వేలు చూపి లెక్కపెడితే ఆ లెక్కలోంచి సముద్రం ఒకణ్ణి తీసుకుంటుంది. ఆ తీరంలో పాలు మరిచిన ప్రతి బిడ్డకూ తెలిసిన సంగతి అది. పొలాలవాళ్ళ పిల్లలు బెస్త పిల్లలను ఏడిపించాలంటే తిట్టరు, లెక్కపెడతారు.

పంతులు పదిహేడు దాకా వచ్చాడు. పద్దెనిమిదోది మార్జరీ స్లేటర్. ఆమె మారుపేరు కందిరీగ. ముంజేయంత చేపను తోకపట్టి ఊపుకుంటూ గట్టెక్కింది.

"ఏవయ్యా పంతులూ, మేం నీ కళ్ళకి గొర్రెల్లా కనబడుతున్నామా?"

"అది కాదమ్మా, పాస్టరుగారు..."

"అంత లెక్కల పిచ్చుంటే మీ ఇంటికెళ్ళి మీ ఆవిణ్ణి లెక్కపెట్టుకో. ఒకటితో తెమిలిపోతుంది."

"నాకింకా పెళ్ళి కాలేదమ్మా."

"ఇంకా మంచిది. సున్నా చుట్టుకో."

చేప పంతులు వీపుమీద రెండుసార్లు పడింది. పలక రాళ్ళమీద పగిలింది. ఆ రోజూ మర్నాడూ గార్‌స్కీ రేవులో ఒక్క పడవ కదల్లేదు.

పాస్టరు తల పట్టుకున్నాడు. "ఇది వట్టి మూఢనమ్మకం డేవీ."

"అవునండి."

"మరి నువ్వు నమ్ముతావా?"

డేవీ ఆలోచించాడు. "నేను పడవెక్కడం మానేశానండి," అన్నాడు. అది జవాబో కాదో పాస్టరుకు అంతుపట్టలేదు.

డేవీ పడవెక్కడం మానేసి పదకొండేళ్ళయింది. ఆ ఏడు మార్చి నెలలో ఒక పొద్దున రేవు ముఖద్వారంలో అల లేచి పడవను బోర్లించింది. ఆరుగురిలో ఒడ్డుకు చేరింది డేవీ ఒక్కడే, తెడ్డు చంకలో పెట్టుకుని. మిగతా ఐదుగురిలో అతని కొడుకు ఆర్చీ ఉన్నాడు. పంతొమ్మిదేళ్ళవాడు. తెడ్డు ముందు దొరికింది ఆర్చీకే. అది ఇద్దరిని మోయదు. వాడు దాన్ని తండ్రి చంక కింద తోసి చెయ్యి వదిలేశాడు. ఈ సంగతి డేవీ ఎవరికీ చెప్పలేదు. భార్య ఎల్‌స్పెట్‌కు కూడా. ఆమె అడగలేదు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో కొడుకు పేరు ఎవరి నోటా రాలేదు. పదకొండేళ్ళుగా ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర కూర్చుని ఓట్స్ జావ తాగుతున్నారు, చేపల ధర మాట్లాడుకుంటున్నారు, గాలి ఏ వైపునుంచి తిరిగిందో చెప్పుకుంటున్నారు.

"నువ్వే ఏదన్నా దారి చూపించాలి," అన్నాడు పాస్టరు.

డేవీ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "మనుషుల్ని లెక్కపెట్టకండి. చిప్పల్ని లెక్కపెట్టండి."

ఎరకోసం ఒలిచిన ఆల్చిప్పలు గార్‌స్కీలో ప్రతి గుమ్మం ముందూ మోకాలెత్తు గుట్టగా ఉంటాయి. డేవీ చెప్పింది ఇదీ. తన గుమ్మం ముందు ఒక పెద్ద బుట్ట పెడతాడు. ప్రతి ఇంటి ఆడమనిషీ తనకు వీలైనప్పుడు వచ్చి, ఇంట్లో ఒక్కొక్క మగమనిషికి ఒక నల్ల ఆల్చిప్ప, ఒక్కొక్క ఆడమనిషికి బండలకు కరుచుకునే తెల్ల చిప్ప వేసి పోతుంది. ఎవరూ చూడరు, ఎవరూ వేలు చాపరు. నిండాక బుట్ట చర్చికి వెళుతుంది. అక్కడ లెక్కలో పడేవి చిప్పలు. సముద్రం వాటిని తీసుకుంటే తీసుకోనీ, వాటిని ఇచ్చింది అదే కదా.

ఈ మాట ఊళ్ళో చెప్పడానికి డేవీకి పది మాటలు పట్టాయి. అతనంత మాట్లాడ్డం విని ఆడవాళ్ళు పనాపుకున్నారు.

"నీటికాకి కూసింది, రేపు వాన ఖాయం," అంది మార్జరీ. తర్వాత చేతులు తుడుచుకుంటూ, "సరే. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందికి వేస్తాం. అంతేగా?"

"అంతే," అన్నాడు డేవీ.

మూడు రోజులు బుట్ట గుమ్మం ముందుంది. అందరికంటే చివర ఎల్‌స్పెట్ చేతులు దులుపుకుని లోపలికొచ్చింది. నాలుగోనాడు పొద్దున డేవీ బుట్టను వీపుకెత్తుకుని బయలుదేరాడు. కొండమలుపు దగ్గర ఊపిరి తీసుకోవడానికి దించాడు. ఊరు కనబడదక్కడ, సముద్రం ఒక్కటే కనబడుతుంది. కాలికింద ఎవరో పారేసిన ఆల్చిప్ప ఒకటి ఉంది. తీశాడు. బుట్టలో వేశాడు.

పుట్టి బుద్ధెరిగాక అతను చేసిన మోసం అదొక్కటే, అదీ పాస్టరు పుస్తకంలో. తిరిగి తీసేద్దామని చెయ్యి పెట్టాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒక చిప్పేగా, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాడు. ఆర్చీ పేరు సమాధి రాళ్ళమీద లేదు, పూడ్చినవాళ్ళ పుస్తకంలో లేదు. దేశమంతా కనబడే ఆ పుస్తకంలో ఒక అంకెలో పిసరంతగా ఉంటాడు. ఉండనీ.

చర్చిలో బల్లమీద పంతులు చిప్పలు వేరుచేశాడు. పాస్టరు రెండుసార్లు లెక్కపెట్టాడు. డేవీ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఆడవాళ్ళు నూట పన్నెండు," అన్నాడు పాస్టరు. "మగవాళ్ళు నూట డెబ్బై రెండు." ముందు ఆయన మొహం వెలిగింది. ఎంత పెద్ద ఊరు, ఎవరనుకున్నారు. అంతలోనే వెలుగు తగ్గింది. "పడవలు పద్నాలుగు కదూ? పడవకి ఆరుగురు. ఎనభై నాలుగు. ముసలివాళ్ళూ చంటివాళ్ళూ ఓ ఇరవై వేసుకో. తక్కిన అరవై డెబ్బై మందీ ఏరి డేవీ?"

డేవీ వేసింది ఒకటి. ఒకటే. ఈ అరవై డెబ్బై ఎవరివి? అతను మనసులో ఊరి మొదటి ఇంటినుంచి నడవడం మొదలుపెట్టాడు. మొదటి ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు, మూడేళ్ళ కిందట పోయినవాడితో ముగ్గురు. రెండో ఇంట్లో ఒకడూ లేడు, పోయినవాళ్ళు ఇద్దరు. మూడో ఇల్లు మార్జరీది. అక్కడ ఆగిపోయాడు. ఊళ్ళో ప్రతి ఆడమనిషీ ఎవరికీ చెప్పకుండా అదే పని చేసింది.

చర్చికి సముద్రం వైపు ఒక కిటికీ ఉంది. డేవీ అటు చూశాడు.

"అక్కడున్నారండి," అన్నాడు.

పాస్టరు అతని చూపు వెంట చూశాడు. చాలాసేపటికి అర్థమైంది. అర్థమయ్యాక ఆయన బల్లమీది నల్ల చిప్పలనుంచి చేతులు తీసేశాడు, కాలినట్టు.

మర్నాడు సముద్రం పోటుమీద ఉంది. పడవలు గులకరాళ్ళ మీదికి లాగి ఉన్నాయి. పాస్టరు కబురంపితే ఊరు ఊరంతా వచ్చింది. ఆదివారం కూడా అంతమంది రారు. బల్లలు చాలక మగవాళ్ళు గోడవారన నిలబడ్డారు. ఉపదేశం చెప్పే వేదిక మెట్ల ముందు నేలమీద నల్ల చిప్పల కుప్ప ఉంది.

పాస్టరు పైకెక్కలేదు. కుప్ప పక్కనే నిలబడ్డాడు. "ఇంట్లో ఎంతమంది ఉన్నారని అడిగాను," అన్నాడు.

"అడిగారు," అంది మార్జరీ. "చెప్పాం."

"ఉన్నవాళ్ళని అడిగానమ్మా."

"ఉన్నవాళ్ళనే వేశాం అయ్యగారూ. నా మొగుడు ఇంటికి రానని చెప్పి వెళ్ళలేదు. సాయంత్రానికొస్తానన్నాడు. మట్టి పోశానా వాడిమీద? మీరు ప్రార్థన చేశారా? మీకు ముందాయన చేశాడా? ఏ పుస్తకంలో పోయాడని రాసుందో చూపించండి, చిప్ప తీసేస్తాను."

ఎవరూ నవ్వలేదు. పాస్టరు తల వంచుకున్నాడు. ఆయన కొండ ఎత్తు అడుగుల్లో చెప్పగలడు. బావి లోతు చెప్పగలడు. ఈ కుప్పను ఎలా కొలవాలో ఆయనకు తెలీదు.

"నేను రెండేళ్ళనుంచీ మీకు వాక్యం చెబుతున్నాను," అన్నాడు చివరికి. "సగం ఊరు నీళ్ళకింద ఉందని నాకు తెలీదు. పుస్తకంలో బతికున్నవాళ్ళని రాయాలి. అబద్ధం రాయలేను. కానీ మీవాళ్ళని ఈ కుప్పలోంచి తీసే హక్కు నాకు లేదు. మీ చేతుల్తో మీరు తీసుకుంటానంటే, ఎవరిని తీసుకుంటున్నారో ఆ పేరు చెప్పండి. నేను వింటాను. గంట కొట్టిస్తాను. వద్దంటారా, గార్‌స్కీ జవాబు ఖాళీగా పంపిస్తాను."

అలల చప్పుడు గోడలకు తగులుతోంది. చంటిబిడ్డ ఒకటి ఏడ్చి ఊరుకుంది. మార్జరీ లేచింది. కుప్ప దగ్గర మోకాళ్ళమీద కూర్చుని ఒక చిప్ప తీసింది.

"రాబర్ట్ స్లేటర్. పిల్లికళ్ళు అనేవాళ్ళు."

డేవీ గంట తాడు లాగాడు.

ఇంకొకటి తీసింది. "రాబర్ట్ స్లేటర్, చిన్నవాడు. ఉప్పుగల్లు." గంట. "జేమ్స్. వీడికి మారుపేరు పెట్టేంత వయసు రాలేదు." గంట. నాలుగోది తీసి పేరు చెప్పబోయింది, రాలేదు. పాస్టరు నేలమీద ఆమె పక్కన కూర్చున్నాడు. ఆయన తొందరపెట్టలేదు. "హ్యూ," అంది ఆమె. కందిరీగ నోటినుంచి అంత చిన్న మాట ఆ ఊరు ఎప్పుడూ వినలేదు.

తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఎర్రగడ్డం జార్జి. పొట్టి అలెక్. ఒకే పడవలో పోయిన ముగ్గురన్నదమ్ములు, ముగ్గురి పేర్లూ తల్లి ఒకే ఊపిరిలో చెప్పింది. తొంభై ఏళ్ళ ముసలమ్మ ఒకామెను ఇద్దరు పట్టుకుని తెచ్చారు. తన తండ్రి పేరు చెప్పిందామె. ఆయన పోయేనాటికి ఆమెకు నాలుగేళ్ళు. ఎనభై ఆరేళ్ళుగా ఆయన ఆ ఇంట్లో మనిషే.

డేవీ గంట కొడుతూనే ఉన్నాడు. ఈ చేతులతో ఎన్నో గోతులు తవ్వాడు. వీళ్ళలో ఒక్కరికీ తవ్వలేదు. పేరు పిలిచినప్పుడల్లా ఒక మనిషి తడిబట్టలతో గుమ్మంలోంచి వచ్చి బల్లమీద చోటు చూసుకుని కూర్చుంటున్నట్టు అనిపించింది. చర్చి నిండిపోతోంది. పంతులు కొత్త పలక ఒళ్ళో పెట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. గోడవార మగవాళ్ళు టోపీలు తీసేసి ఉన్నారు. ఆ గోడలు ఎన్ని వందల ఏళ్ళవో, ఇంతమందిని అవి ఎప్పుడూ మోసి ఉండవు.

ఎల్‌స్పెట్ లేచింది. డేవీ చేతిలో తాడు బిగుసుకుంది. ఆమె కూడా వాడికోసం వేసిందా? ఆ ఆలోచన అతనికి రాలేదు. ఊరందరి గురించీ ఆలోచించాడు, తన ఇంటి గురించి ఆలోచించలేదు.

ఆమె చిప్ప తీసి గుండెకు ఆనించుకుంది. "ఆర్చీబాల్డ్ ఫ్లెట్," అంది. "ఆ రోజు బట్టలు తడవకుండా పడవదాకా వీణ్ణి నా వీపుమీద మోశాను. అందరం మోస్తాం కదా మనవాళ్ళని. బరువెక్కావురా అన్నాను."

డేవీ గంట కొట్టాడు.

ఆమె వెళ్ళి కూర్చుంది. ఇంకా నలుగురైదుగురు వచ్చారు. తర్వాత ఎవరూ లేవలేదు. పాస్టరు చుట్టూ చూశాడు. "ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు. లేరు. ఆయన బల్ల దగ్గరికెళ్ళి కలం సిరాలో ముంచాడు. పంతులు మిగిలిన చిప్పలు లెక్కపెట్టడానికి వంగాడు.

డేవీ ఆ కుప్ప వంక చూశాడు. అందులో ఒకటి ఎక్కువుంది. ఎవరికీ తెలీదు. పంతులుకు తెలీదు, ఎల్‌స్పెట్‌కు తెలీదు. నోరు మూసుకుంటే చాలు, అది అతనికి చేతనైన పనే. ఎడింబరోలో అచ్చయ్యే పుస్తకంలో ఆర్చీ బతికే ఉంటాడు. తీస్తే పేరు చెప్పాలి. పేరు చెబితే ఎల్‌స్పెట్ వింటుంది, చూస్తుంది, ఈసారి అడుగుతుంది.

అరవై ఏడు పేర్లు విన్నాడు తను. ఒక్కరూ దొంగతనంగా కుప్పలో ఉండిపోలేదు. అందరూ పేరుపేరునా, గంట మోతతో బయటికి నడిచారు. వాడొక్కడూ ఎందుకు దాక్కోవాలి?

తాడు వదిలి నడిచాడు. అంత దూరం నడిచినట్టు అతనికెప్పుడూ అనిపించలేదు. వంగి ఒక చిప్ప తీశాడు. ఏ చిప్పైనా ఒకటే.

"ఇది ఎక్కువండి," అన్నాడు పాస్టరుతో. "నేను వేశాను. దారిలో." చిప్ప పైకెత్తాడు. "ఆర్చీ. మా ఆర్చీ."

గంట కొట్టడానికి ఎవరూ లేరు. పంతులు టఫ్ లేచి పరుగున వెళ్ళి తాడు లాగాడు. అలవాటు లేని చెయ్యి, గంట వంకరగా మోగింది.

ఎల్‌స్పెట్ భర్తనే చూస్తోంది. పదకొండేళ్ళలో అలా చూడలేదు.

పాస్టరు మగవాళ్ళు నూట నాలుగు అని రాశాడు. రాసి, సిరా ఆరడానికి ఇసుక చల్లి, కాగితం పక్కన పెట్టాడు.

జనం దిగిపోయారు. కొండమలుపు దగ్గర ఎల్‌స్పెట్ ఆగింది. డేవీ ఆగాడు. కింద రేవు తెల్లగా నురగలు కక్కుతోంది.

"ఇద్దరం చెరొకసారి వాణ్ణి లెక్కపెట్టాం," అంది.

"అవును."

"నాకు చెప్పొచ్చుగా."

"నువ్వు చెప్పావా?"

"నాకు నోరుంది, నీకుందో లేదో అని చూస్తున్నాను పదకొండేళ్ళనుంచీ." ఆమె గట్టుమీద కూర్చుంది. "ఏమైంది డేవీ ఆ రోజు?"

అతను నిలబడే చెప్పాడు. అల చెప్పాడు, పడవ తిరగబడటం చెప్పాడు. తెడ్డు దగ్గరికొచ్చేసరికి కూర్చున్నాడు. "వాడికే దొరికింది. నాకిచ్చాడు."

"ఏమన్నా అన్నాడా?"

"పట్టుకో నాన్నా అన్నాడు. కోప్పడుతున్నట్టు అన్నాడు. నేను వద్దన్నాను. అప్పటికే వదిలేశాడు."

ఎల్‌స్పెట్ ఏడవలేదు. మొహం గాలివైపు తిప్పి, కళ్ళు పెద్దవి చేసి, వాడు అక్కడ నిలబడి ఉన్నట్టు చూస్తోంది. భర్త చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎలా అన్నాడు? మళ్ళీ చెప్పు," అంది.

చెప్పాడు.

"మళ్ళీ చెప్పు."